దాణా కొట్టు పిన్ని అమ్మకం ఆపిన రోజు

మా దాణా కొట్టు పిన్ని పోయిందన్న కబురు మొన్న గురువారం పొద్దున పాలు పోయించుకుంటుంటే తెలిసింది. పాలామె గిన్నెలోకి పాలు వంపుతూ, "కొట్టు పిన్ని నిద్దట్లోనే పోయిందంటమ్మా" అంది.  నరసరావుపేటలో మా వీధి మొదట్లో ఉన్న ఆ కొట్టు మూసి ఉండగా నేను చూసింది తక్కువ. ఆ రోజు దించిన షట్టరు ముందు బర్రెలవాళ్ళు, కోళ్ళవాళ్ళు, కుక్కల్ని పెంచుకునేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఎవరి చేతిలోనూ సంచి లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. వీధిలో అందరికీ పిన్నే. వ్యాపారస్తుల ఇంటికి కోడలిగా వచ్చింది. భర్త పోయాక తవుడు, తెలగపిండి, పత్తి గింజల చెక్క అమ్మే కొట్టును తానే నడిపింది. ఊళ్ళో అపార్టుమెంట్లు లేచి, కుక్కలకు కొన్న తిండి పెట్టే అలవాటు వచ్చాక ఆ మూటలూ తెప్పించింది. "మనకి మిక్చరు, వాటికి ఈ గుళికలు. కాలం గదా" అని నవ్వేది.

పెద్ద మూట విప్పి కిలో, రెండు కిలోలు తూచి ఇచ్చేది. పొట్లం మీద ఆ మూట విప్పిన తేదీ, మూట మీదున్న బ్యాచ్ నంబరు స్కెచ్ పెన్నుతో రాసేది. "పొట్లంతో సహా డబ్బాలో పెట్టు. ఒంపేసి పొట్లం పారేశావంటే, రేపు ఏదన్నా అయితే ఏ మూటలోదో ఎట్టా తెలుసుద్ది?" అనేది. తిన్న గిన్నె రోజూ కడగమనేది, దాణా ముట్టుకున్న చేతులు కడుక్కోమనేది. కొందరికి అది చాదస్తంగా ఉండేది. ఎవరన్నా ఆ మాట అంటే నొచ్చుకునేది కాదు. "తినేదానికి అడిగే నోరు లేదు గదా. అందుకని అమ్మేదాన్ని నన్ను నేనే అడగాల" అనేది.

కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలం మా చిట్టికి జబ్బు చేసింది. చిట్టి ఊరకుక్కే. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి పెంచుకున్నాం. తిండి మానేసింది, కక్కుకుంది, కళ్ళు పచ్చబడ్డాయి. అంతకు ముందే దాని అరుపుల గురించి పక్కింటాయనకీ మాకూ మాటామాటా పెరిగింది. అందుకని మావారికి వేరే ఆలోచనే రాలేదు. "వాడే విషం పెట్టాడు" అంటూ గేటు దాకా వెళ్ళి కేకలు మొదలుపెట్టారు. నేను కుక్క తల పట్టుకుని, మగ్గులో ఉప్పునీళ్ళు కలుపుకుని కూర్చున్నాను. ఆ గోల విని పిన్ని వచ్చింది.

"ఏమే, ఆ మగ్గులో ఏంది?"

"ఉప్పునీళ్ళు పిన్నీ. కక్కిద్దామని."

"పొయ్యమాక. ఇంత నీరసంగా ఉన్నదాని గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. డాక్టరు చెప్పకుండా ఏమీ పొయ్యొద్దు." తర్వాత మావారి వైపు తిరిగింది. "అల్లుడూ, తగువు ఎక్కడికీ పోదు, రేపైనా పెట్టుకోవచ్చు. కుక్క ఆగదు. ఆటో పిలువు."

ఆటో కోసం ఆయన వెళ్ళగానే నన్నడిగింది. "దానికేం పెడతన్నావే?"

"రోజూ పెట్టేదే. మీ కొట్లో తెచ్చిందే."

పిన్ని ముఖం మారింది. మారినా మాట తడబడలేదు. "ఆ పొట్లం తీసుకురా. గిన్నెలో మిగిలింది గూడా పారెయ్యకుండా కవర్లో కట్టు. చేతులు కడుక్కుని ఎక్కు" అని, తనూ మాతో ఆటో ఎక్కింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిట్టి కళ్ళు, చిగుళ్ళు చూసింది. కాలేయం దెబ్బతిన్నట్టుందనీ, తిండికి పట్టిన బూజు వల్ల కూడా ఇట్లా అవుతుందనీ చెప్పింది. "పెట్టిన తిండి ఏమన్నా మిగిలిందా?" అని అడిగింది. పిన్ని పొట్లం, కవరు రెండూ చేతికిచ్చింది. డాక్టరమ్మ కొంత పరీక్షకు పంపుతానని పక్కన పెట్టి, చిట్టికి సెలైను ఎక్కించింది. అప్పటికే బయట బల్ల దగ్గర ప్రకాష్ నగర్ నుంచి వచ్చిన ఒకాయన ఇట్లాంటి జబ్బుతోనే ఉన్న కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిన్ని ఆయన్ని గుర్తుపట్టింది. "నువ్వు గూడా నా దగ్గరే గదయ్యా దాణా తీసుకుపోయింది?" అంది. ఆయన తల ఊపాడు.

పిన్ని ఇంక అక్కడ కూర్చోలేదు. కొట్టుకు వెళ్ళి కుక్కల దాణా అమ్మకం ఆపించింది. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి బయట కట్టింది: 'ఈ నెల మా కొట్లో కొన్న కుక్కల దాణా పెట్టకండి. అనుమానంగా ఉంది. మిగిలింది తెచ్చివ్వండి. కుక్క నలతగా ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి.'

నేను మందుల కోసం బజారుకు వచ్చేసరికి ఆమె కొడుకు ఆ అట్ట కిందనే నిలబడి వాదిస్తున్నాడు. "ఇంకా ఏదీ తేలలేదు గదమ్మా. తేలినాక కడదాం. కొట్టు పేరు పోద్ది."

"తేలేలోపు ఇంకెన్ని గిన్నెల్లో పడుద్దిరా? మన తప్పు కాదని తేలితే అట్ట విప్పేస్తాం. ప్రాణం పోతే తేగలమా?"

అతను లోపలికి వెళ్ళి మూటలన్నీ ఒక పక్కకు లాగడం మొదలుపెట్టాడు.

పిన్ని ఫోను చేస్తే కంపెనీ మనిషి వచ్చాడు. అప్పటికి పరీక్ష ఫలితం కూడా వచ్చింది, బూజు విషమే. పిన్ని గోడౌన్‌లో చూస్తే వెనక గోడకు ఆనుకున్న అడుగు వరస మూటలు చెమ్మ పీల్చుకుని ఉన్నాయి. విప్పిన మూట ఆ వరసలోదే. దూరంగా పేర్చినవి శుభ్రంగా ఉన్నాయి. కంపెనీ మనిషి ఊపిరి పీల్చుకుని, "చూశారా అమ్మా, మా సరుకు తప్పు కాదు" అన్నాడు. "కాదు నాయనా. తప్పు నాదే" అంది పిన్ని. పాత అట్ట విప్పి, ఆ మాట కూడా కలిపి కొత్త అట్ట కట్టింది.

ఆ మూటలోది ఎవరెవరికి తూచిందో ఆమెకు గుర్తుంది. మోకాళ్ళ నొప్పులతోనే ఆటోలో ఇంటింటికీ తిరిగింది. శావల్యాపురంలో ఒక మిరప రైతు ఉన్నాడు, అతనికి ఫోను కలవలేదు. బస్సులో వెళ్దామంటే తోడు వెళ్ళాను. మేం వెళ్ళేసరికే ఆ ఇంటి కుక్క చచ్చిపోయింది. వాళ్ళు మంచం వేసినా పిన్ని కూర్చోలేదు. వాకిట్లో నిలబడే చెప్పింది. "నా కొట్లో దాణా తినే పోయిందయ్యా మీ కుక్క. గోడౌన్‌లో చెమ్మ నేను చూసుకోలా. ఆ మాట మీకు చెప్పాలని వచ్చా."

రైతు ఆ మంచం అంచున కూర్చున్నాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎదురింటోళ్ళే మందు పెట్టారనుకున్నాం పిన్నీ. నానా మాటలన్నాం. పోలీసుల దగ్గరికి గూడా పోదామనుకుంటన్నాం."

రైతు లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా దారి దాటి ఎదురింటి ముందుకు వెళ్ళాడు. "బావా, ఒకసారి బయటికి రా" అని పిలిచాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. తిరిగి వచ్చి పిన్నితో, "చానా బాధగా ఉందమ్మా. అయినా వచ్చి చెప్పావు" అన్నాడు. ఆమె చేతికి మంచినీళ్ళు ఇచ్చాడు.

తిరిగొచ్చి పేట స్టాండులో దిగాక, "ఆ కుక్క పేరేందో అడగలేదే నేను" అని పిన్ని కళ్ళు తుడుచుకుంది.

చిట్టి మెల్లగా కోలుకుంది. అది ఆసుపత్రి నుంచి వచ్చాక పక్కింటాయన రోజూ గోడ మీదుగా దాని సంగతి అడిగేవాడు. మావారు మొదట తల దించుకుని, తర్వాత మామూలుగా జవాబు చెప్పేవారు. పిన్ని గోడౌన్‌లో చెక్క బల్లలు వేయించి మూటల్ని గోడకు దూరంగా పేర్పించింది. కొన్నాళ్ళు బేరం పలచబడ్డ మాట నిజం. కానీ వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ వచ్చారు. తప్పు జరిగితే ముందు ఆమే చెబుతుందన్న నమ్మకం వాళ్ళను వెనక్కి తెచ్చిందని నేను గట్టిగా చెప్పగలను. ఈ రోజుకీ మా వీధిలో ఏ కుక్క తిండి మానేసినా, ముందు ఆ పొట్లం దాచి, పెట్టడం ఆపి, డాక్టరు దగ్గరికి వెళ్తాం. "తినకపోతే పొగరనుకోమాకండి, ఏదో చెప్తందనుకోండి" అన్న ఆమె మాట మాకు అలవాటైపోయింది.

ఆమెను నేను ఆఖరిసారి చూసింది ఆమె పోవడానికి ముందు వారం, వానలో. దారిన పోయేవాళ్ళందర్నీ కేకేసి కొట్టు పందిరి కిందకు పిలిచింది. సైకిలు మనిషి, బడి పిల్లలు, రెండు మేకలు, నేను. పైన టార్పాలిన్ నీళ్ళు నిండి కడవలా కిందికి వేలాడుతోంది. పిన్ని చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కర్ర తీసుకుని కింది నుంచి ఒక్క పోటు పొడిచింది. నీళ్ళన్నీ దభీమని రోడ్డు మీదకు దూకాయి. చిందిన నీళ్ళకు ముఖమంతా తడిసిపోయి, కర్ర అట్లాగే ఎత్తి పట్టుకుని, పిల్లలతో కలిసి పకపకా నవ్వుతోంది.