గబ్బిలాల మేస్త్రీ చెవి

పైకప్పుల్లో చేరిన గబ్బిలాలను చంపకుండా బయటికి పంపి, అవి దూరే సందులు మూసెయ్యడం ఆయన పని. పాతికేళ్ళుగా అదే పని. అందరూ గబ్బిలాల మేస్త్రీ అంటారు. వయసు అరవై దగ్గర పడింది. నిచ్చెన ఎక్కితే మోకాళ్ళు మొరాయిస్తాయి, దిగితే నడుం పట్టేస్తుంది. వాటిని ఆయన ఏనాడూ లెక్కచెయ్యలేదు. దిగులంతా చెవి గురించే. రెండేళ్ళుగా సన్నటి చప్పుళ్ళు వినపడటం లేదు. వయసు మీదపడిందని, పోయిన వినికిడి తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. ఆ సంగతి మేస్త్రీ ఎవరికీ చెప్పలేదు, ఆఖరికి భార్యకు కూడా. చెబితే ఇక పనికి పిలిచేవాడు ఉండడు.

ఎందుకంటే గబ్బిలాలు వట్టి వాగుడుకాయలు. సందెవేళ బయటికి ఎగిరే ముందు సందు దగ్గర గుమిగూడి కీచుకీచుమని పోట్లాడుకుంటాయి. తెల్లవారుజామున తిరిగొచ్చాక తిన్నగా లోపలికి పోతాయా అంటే పోవు. సందు ముందు గిరగిరా తిరుగుతూ పిలుస్తాయి. లోపలికి ముందు చేరినవి పలుకుతాయి. ఆ పలుకు పట్టుకుని మిగతావి ఒక్కొక్కటే దూరతాయి. పలికేవాళ్ళు లేకపోతే కాసేపు తచ్చాడి ఇంకో చోటు వెతుక్కుంటాయి. మేస్త్రీ ఒక కర్రను పైకప్పు చెక్కకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల ఇంకా ఎవరున్నారో చెప్పేవాడు. ఇంజినీర్లు కూడా నోరెళ్ళబెట్టి చూసేవారు.

ఈ రెండేళ్ళూ ఆయన ఆ కర్ర ఊరికే పెట్టుకున్నాడు. అయినా ఒక్క పనీ చెడలేదు. పాతికేళ్ళ అనుభవం ఎక్కడికి పోతుందని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. నిచ్చెన పట్టుకోవడానికి ఎప్పుడూ వెంట వచ్చే భార్యకు ఈ మధ్య చాదస్తం పెరిగిందని మాత్రం విసుక్కునేవాడు. సరిగ్గా సిమెంటు కలిపే వేళకు ఆవిడ, ఇవాళ వద్దు, రేపు మూద్దాం అనేది. నీకేం తెలుసని కసిరేవాడు. అయినా ఆవిడతో వాదించే ఓపిక లేక ఆగేవాడు.

ఈసారి ఆవిడ మోకాళ్ళు వాచి ఇంట్లో ఉండిపోయింది. బట్టల మిల్లు గోడౌను పనికి ఆయన ఒక్కడే వెళ్ళాడు. సందె చీకట్లో గబ్బిలాలన్నీ బారులు తీరి బయటికి పోయాయి. కర్ర చెవికి పెట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు. ఖాళీ అనుకుని, మేనేజరుకూ అదే చెప్పి, సందు మూసేసి, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగా నిచ్చెన తెచ్చుకుందామని వెళ్ళేసరికి, మూసిన సందు ముందు పదిహేనో ఇరవయ్యో గబ్బిలాలు తిరుగుతున్నాయి. కాసేపు చూసి పోతాయిలే అనుకుని గోడవారన కూర్చున్నాడు. పోలేదు. వెలుతురు వచ్చేసింది, కాకులు కూడా లేచాయి, అయినా పోలేదు. సిమెంటుకు గుద్దుకుంటున్నాయి, జారుతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. లోపల పలుకుతున్నవాళ్ళు ఉన్నారు. ఇంకా ఎగరలేని పిల్లలు. బయటున్నవి తల్లులు.

గోడౌను మేనేజరు తాళాలు తీస్తూ కనిపించాడు. పని అయినట్టు కాగితం మీద సంతకం పెట్టేస్తాను, ఇక వెళ్ళమన్నాడు. ఆ కాగితం పుచ్చుకుని తలవంచుకుని వెళ్ళిపోతే అడిగేవాడు లేడు. నాలుగు రోజుల్లో లోపల అంతా సద్దుమణిగిపోతుంది. పొట్ట గడుస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

"సందు పగలగొట్టాలండీ. లోపల పిల్లలున్నాయి."

"నిన్న ఏమీ లేవన్నావుగా?"

"నాకు వినపడదండీ. రెండేళ్ళయింది."

మేనేజరు అరవలేదు. పిల్లలు పెద్దయ్యాక మూయించుకుంటామని, అందుకు వేరే మనిషిని చూసుకుంటామని మెల్లగానే అన్నాడు. మేస్త్రీ తలూపి, ఉలి తీసుకుని నిచ్చెనెక్కాడు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉండి పెళ్ళలుగా రాలింది. ఆయన పక్కకు తప్పుకోకముందే గబ్బిలాలు చెంప రాసుకుంటూ లోపలికి దూరాయి. అక్కడ, నిచ్చెన మీద, ఆయనకు తట్టింది. ఈ రెండేళ్ళూ రేపు మూద్దామన్నప్పుడల్లా ఆవిడకు లోపలి కీచులాట వినపడే ఉంటుంది. పనులు చెడకుండా నిలిపింది తన అనుభవం కాదు.

ఇంటికి వచ్చి పనిసంచీ మూల పడేసి పెరటి గడప మీద చతికిలబడ్డాడు. పెరట్లో గిన్నెలు తోముతున్న భార్యకు జరిగిందంతా చెప్పాడు. ఆ పని పోయిందనీ, ఈ కబురు పాకితే మిగతావీ పోతాయనీ చెప్పాడు.

"నీకు ముందే తెలుసు కదూ?" అన్నాడు.

ఆవిడ గిన్నె కింద పెట్టింది. గోడ పట్టుకుని లేచి, వాచిన మోకాళ్ళతో నాలుగడుగులు వేసుకుంటూ వచ్చి ఆయనకెదురుగా కూర్చుంది. ఏది చెప్పాలన్నా చేతిలో పని వదిలేసి ఇలా ఎదురుగా వచ్చి చెప్పడం ఆవిడకు రెండేళ్ళుగా అలవాటని ఆయన అప్పుడు గమనించాడు.

"మీరే చెప్తారని చూశానండీ" అంది.