జీను కట్టి ఉంచిన గుర్రం

చాచా పోయారన్న కబురు వచ్చిన రోజు పొద్దున్నే నేను కువైట్‌లో ఆయన పనిచేసే గుర్రపుశాలకు వెళ్ళాను. రంపపు పొట్టు బస్తాలు దించుతుంటే వరండాలో జీను కట్టి నిలబెట్టిన గుర్రం కనబడింది. సెలవు మీద ఊరెళ్ళిన మనిషి అప్పుడే వచ్చేశారే అనుకున్నాను. ఊరికే నిలబడే గుర్రానికి జీను కట్టి ఉంచే పిచ్చి ఆ శాలలో చాచాకు తప్ప మరొకరికి లేదు. లోపలికి కేకేశాను. ఎవరూ పలకలేదు. నమాజులో ఉన్నారేమోలే అనుకుని బండి తిప్పుకుని వచ్చేశాను. మధ్యాహ్నం రాయచోటి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయిన నిన్న సాయంత్రం పోయినాడన్నా. గుండె పట్టుకున్న్యాది. ఈ పొద్దు మట్టిచ్చినాం" అంది.

ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు. మరి ఆ జీను కట్టిందెవరు అన్న సందేహం వచ్చింది. మనిషి పోయాడంటే జీను గురించి ఆలోచిస్తావేంట్రా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా ఆ సందేహం వదల్లేదు.

నేను కోనసీమవాణ్ణి. ఇక్కడి అమ్ఘరాలో ఒక కలప యార్డులో పికప్ నడుపుతాను. చెక్క కోయగా మిగిలిన పొట్టు గుర్రాల కింద పరుపుగా వేస్తారు. అది పట్టుకుని వారానికి రెండుసార్లు జహ్రా దారిలోని ఆ శాలకు వెళుతుంటాను. మొదటిసారి వెళ్ళినప్పుడు, పొట్టంతా ఒకటేననుకుని ప్లైవుడ్ కోసిన చోట పోగైన మెత్తటి ధూళి ఎత్తుకెళ్ళాను. చాచా గుప్పెడు తీసి నా మొహం ముందు ఊదారు. నేను తుమ్మాను.

"పొట్టు తెమ్మంటే మన్ను తెచ్చినావేందబ్బయా? గుర్రాలు దగ్గి సస్తాయి. ఎనక్కి తీసకపో."

"ఈ ఒక్కసారికి సర్దుకోండి చాచా. మళ్ళీసారి మంచిది తెత్తానండి."

"అట్లనా? అయితే ఈ రాత్రికి దాని మింద నువ్వు పండుకో. పొద్దున మాట్లాడుకుందాం."

ఎండలో వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చాను. ఆ రోజు నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. రెండో లోడు దించాక, పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతానికి తాడు కట్టి, ఆ పొట్టంతటి మీదా నెమ్మదిగా తిప్పారు. మేకులేమైనా ఉంటే దానికి అంటుకోవాలని. నాలుగు దొరికాయి. వాటిని గాజు గ్లాసులో వేసి, నా టీ పక్కన పెట్టి, "ఇవి నీయే, తీసకపో" అన్నారు. తర్వాత కొన్నేళ్ళపాటు నా టీ పక్కన ఆ గ్లాసు ఉంటూనే ఉంది. అది ఖాళీగా ఉన్న రోజు నాకు పరీక్ష పాసయినంత సంతోషంగా ఉండేది.

జీను సంగతి నేను గమనించింది తర్వాత. పూటకో గుర్రం వంతు. పొద్దున ఒకదానికి జీను వేసి, పొట్ట కింద పట్టీ రెండు బెజ్జాలు వదులుగా బిగించి, కళ్ళెం పక్కన మేకుకు తగిలించి, గేటు వైపు మొహం పెట్టి నిలబెడతారు. మధ్యాహ్నం ఆ జీను దించి ఇంకోదానికి కడతారు. దాని మీద ఎవరూ ఎక్కరు. ఎవరికోసమండీ ఇది అని అడిగితే, వాళ్ళ తాత కథ చెప్పారు. జేజినాయన అనేవారు ఆయన్ని.

పాత పెద్ద యుద్ధం, అదే మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పటాలాలన్నీ సముద్రం దాటి పోతే, మద్రాసు వైపు ఉండిపోయిన వకీళ్ళు, ఎస్టేటు దొరలు, రైల్వే ఆఫీసర్లు ఎవరి గుర్రం వాళ్ళు తెచ్చుకుని ఒక రిజర్వు దళంగా చేరారట. జీతం లేని సిపాయిలు. తీరం మీద, రైలు వంతెనల మీద శత్రువు వస్తే చూసుకోవాలి. చాచా వాళ్ళ జేజినాయన అందులో ఒక వకీలు గుర్రాన్ని చూసుకునే సాయీసు. వకీలు వచ్చేది ఆదివారం కవాతుకే. కానీ ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు కాబట్టి ఆ గుర్రపుశాలలో పగలంతా ఒక గుర్రం జీనుతో ఉండాల్సిందే. యుద్ధం అయిపోయేదాకా పిలుపు రాలేదు. జీను కట్టడమూ మానలేదు.

"యుద్ధానికి పోకపోయినా మెడల్ ఏమైనా ఇచ్చారా అండీ మరి?" అని ఎగతాళి చేశాను.

"మెడలు యాడిదబ్బయా? పాత బూట్లు ఇచ్చినారు. అవీ దొరవి, కాలికి పట్టల్యా." కాసేపు నవ్వి, "పిలిస్తే ఎవుడైనా పోతాడు. పిలవకపోయినా కాసుకోనుండేటోడే రిజర్వు" అన్నారు.

ఇంకో కథ కూడా ఉంది. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన రోజుల్లో ఆ శాల ఫింటాస్ దగ్గర ఉండేది. కార్లు బయటికి తీస్తే సైనికులు లాక్కుంటున్నారు. అప్పుడు శాల యజమాని, నలుగురు పనివాళ్ళు పొద్దున్నే గుర్రాలెక్కి, సందుల్లో తిరిగి, ముసలివాళ్ళున్న ఇళ్ళకు రొట్టెలు, నీళ్ళు అందించేవారట. ఎవరింటి మీదికైనా సైనికులు వస్తుంటే ముందే వెళ్ళి చెప్పేవారట. "మేమే రిజర్వు" అని చాచా ఛాతీ విరిచేవారు. ఆ ఒక్క కథలో మాత్రం ఎప్పుడూ "నేను" అనలేదు, "మేము" అనేవారు. ఆ తేడా అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

నాలుగో రోజు కూతురు మళ్ళీ ఫోన్ చేసింది. గొంతు మారిపోయింది.

"అన్నా, పరామర్శకు ఒకాయన వచ్చినాడు. యుద్ధం మొదలైన పది పన్నెండు దినాలకే నాయిన ఆయనతో పాటు బస్సెక్కి, జోర్డాన్‌లో అమ్మాన్ మింద ఇంటికొచ్చేసినాడంట. మరి కాపలా కాసింది ఎప్పుడన్నా? నా పిల్లోళ్ళకు ఆ కత చెప్పి పెంచినా. నిజమైతే నిజమని చెప్పు, అబద్ధమైతే అబద్ధమని చెప్పు. నువ్వు పోయి అడుగు."

చచ్చిపోయిన మనిషి మీద విచారణ చేయడానికి నేనెవర్ని? మేకుల గ్లాసు ముందు పెట్టి నాకు నిజాయితీ నేర్పిన మనిషి అబద్ధం చెప్పారా? చెప్పినా నాకేం, ఆయన నాకు చేసిన మేలు తగ్గుతుందా? తగ్గదు. కానీ ఆ పిల్లకు తగ్గుతుంది. రెండు రోజులు ఊగిసలాడి, పొట్టు లోడుతో వెళ్ళాను.

శాల యజమానిని మేమందరం బాబా అంటాం. ఎనభై దాటాయి. కుర్చీలో కూర్చుని ఉన్నారు. చాచా ఆ రోజుల్లో నిజంగా గుర్రమెక్కి తిరిగారా అని నాకొచ్చిన అరకొర అరబ్బీలో అడిగాను. నేను అడగకూడనిది అడిగానేమోనని భయపడ్డాను.

"తిరిగాడు. నాతో పాటు తొమ్మిది రోజులు తిరిగాడు" అన్నారు. "పదో రోజు బేకరీ దగ్గర సైనికులు అతన్ని దింపి గుర్రాన్ని తీసుకుపోయారు. ఎలాగో జీను మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని చేతుల్లో మోసుకుంటూ నడిచొచ్చాడు. మర్నాడు చూస్తే లేడు. చంపేశారేమోనని నేను మూడు రోజులు వెతికాను."

"చెప్పకుండా వెళ్ళిపోయారా?"

"చెప్పకుండానే. అంతా అయిపోయాక తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పటికి నా దగ్గర ఒక్క గుర్రం కూడా లేదు. ఎక్కడికి పోయావని అడిగితే, భయపడ్డాను బాబా అన్నాడు. నేనూ భయపడ్డాను, లోపలికి రా అన్నాను. వచ్చి ఆ పాత జీను దులిపి, ఖాళీ కొయ్య మీద వేసి, పట్టీ కట్టాడు. అప్పట్నుంచి రోజూ కడుతున్నాడు. ఎందుకని నేను అడగలేదు. అతను చెప్పలేదు."

మరి ఇప్పుడు ఎవరు కడుతున్నారని అడిగాను.

"సెలవుకు వెళుతూ నాకు అప్పజెప్పాడు. ముసలివాణ్ణి, నావల్ల కాదన్నాను. నువ్వు కాకపోతే ఇంకెవరు బాబా అన్నాడు. పోయాడని తెలుసు, కానీ అతని సెలవు ఇంకా ఐదు రోజులుంది."

ఆ సాయంత్రం కూతురికి అంతా చెప్పాను. తొమ్మిది రోజులు తిరిగారు, గుర్రం పోయింది, భయపడి వచ్చేశారు, మళ్ళీ వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డారు అని. ఇన్నేళ్ళూ రోజూ జీను కడుతూ వచ్చింది జేజినాయన కోసమో, పోయిన ఆ గుర్రం కోసమో, బాబా వెతికిన ఆ మూడు రోజుల కోసమో నాకు తెలియదమ్మా అన్నాను. నిజంగా తెలియదు. ఇది రాస్తున్నప్పుడూ తెలియదు. "భయపడినానని ఒప్పుకున్న్యాడా?" అని మాత్రం అడిగింది ఆమె. అవునమ్మా అన్నాను. "మాకెప్పుడూ చెప్పల్యా" అని ఏడ్చింది. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది.

చాచా సెలవు అయిపోయిన మర్నాడు నాకు అటు లోడు లేదు. అయినా వెళ్ళాను. బాబా కుర్చీలో కూర్చుని ఉన్నారు, జీను ఒళ్ళో ఉంది. ఎత్తబోయి ఎత్తలేకపోయినట్టున్నారు. ఇన్నేళ్ళూ పొట్టు దించి పోయినవాణ్ణే గానీ, గుర్రాన్ని ఒక్కసారైనా ముట్టుకున్నవాణ్ణి కాదు. జీను అందుకుని వేశాను. వెనకది ముందుకు వేసినట్టున్నాను, బాబా చెయ్యి తిప్పి చూపించారు. మళ్ళీ తీసి వేశాను. పొట్ట కిందనుంచి పట్టీ లాగి, వేలితో తడుముకుంటూ బెజ్జాలు లెక్కపెట్టి, రెండు వదులుగా బిగించాను. గుర్రం మెడ తిప్పి ఎవరోనని నన్ను చూసింది. తర్వాత మళ్ళీ గేటు వైపు తిరిగి నిలబడింది.