మూడో మెట్టు మీద మా అత్త

నెల్లూరులో ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో టీచరు చదువు చదువుకునే రోజుల్లో నేను ఒకే పూటలో పన్నెండు అబద్ధాలు చెప్పాను. అన్నీ ఇంగ్లీషులోనే. నా కోసమైతే ఒకటో రెండో చెప్పి ఊరుకునేదాన్ని. దేశం కోసం కాబట్టి అన్ని చెప్పాల్సి వచ్చింది.

అరవైల మొదట్లో సంగతి ఇది. ఆ ఏడాది మాకు భూగోళం చెప్పడానికి నార్వే నుంచి ఒక టీచరు వచ్చారు. ముప్పై దాటిన మనిషి, బాగా పొడుగు. నెల్లూరు ఎండకు ఆమె ముఖం పొద్దున పది గంటలకే పండు మిరపకాయలా అయ్యేది. ఒకరోజు ప్రపంచ పటం తగిలించి, పక్కన నల్లబల్ల మీద దేశాల పేర్లు వరసగా రాసి, ఏ దేశంలో మనిషికి సగటున ఏడాదికెంత రాబడి ఉంటుందో వాటి ఎదురుగా రాశారు. నన్ను లేచి పైకి చదవమన్నారు. చదువుతూ పోతున్నాను, మన దేశం రాదే! పైన లేదు, నడుమ లేదు. అడుగున కనిపించేసరికి గబగబా చదివేసి కూర్చున్నాను.

అప్పుడు నా వెనక బెంచీలో అమ్మాయి లేచి, "మేడమ్, మాకు డబ్బు లేకపోవచ్చు. సంతోషం మాత్రం మీకంటే ఎక్కువే ఉంది" అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

మేడమ్ నొచ్చుకోలేదు. "ఈ మాట మా దేశంలో కూడా అంటారు. డబ్బున్నవాళ్ళు పేదవాళ్ళ గురించి అంటారు. పేదవాళ్ళే తమ గురించి అనగా నేనింకా వినలేదు. మీరెవరైనా అడిగి చూశారా?" అన్నారు.

సుద్దముక్క బల్ల మీద పెట్టి మళ్ళీ ఆమే అన్నారు.

"నాకు అడగాలని ఉంది. దసరా సెలవుల్లో ఎవరైనా నన్ను మీ ఊరికి తీసుకుపోతారా?"

నేను చెయ్యెత్తాను. ఆ నల్లబల్ల మీద అడుగున పడిన దేశాన్ని మా ఊరి చేత పైకెత్తించాలని నా పట్టుదల.

మా ఊరు కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల ఉంది. నాన్నకు నాలుగెకరాల మాగాణి. అమ్మ నా చిన్నప్పుడే పోతే మేనత్త నన్ను పెంచింది. ఆమె భర్త పోయాక పుట్టింటికి వచ్చేసి, మా ఇంటిని, మా నాన్నను, వీలైతే వీధిని కూడా తన చెప్పుచేతల్లో పెట్టుకున్న మనిషి. మేడమ్ వస్తున్నారని ఉత్తరం రాస్తే నాన్న కంగారుపడ్డాడట, దొరసానికి ఏం పెట్టాలి, ఎక్కడ పడుకోబెట్టాలి అని. అత్త తేల్చేసిందట. "ఆమెకి మాత్రం ఆకలి కాదా ఏంది? పెట్టింది తింటాది. నువ్వు పోయి నులకమంచం బిగించు."

గూడూరులో బస్సు మారి, కోటలో దిగి, అక్కణ్ణించి నాన్న తెచ్చిన బండిలో ఊరు చేరాం. మరునాడు పొద్దున్నే మేడమ్ తన నోటుపుస్తకంలో పేజీ నిండా ఒక నిచ్చెన బొమ్మ గీశారు. పది మెట్లు. అన్నిటికంటే పై మెట్టు అంటే నువ్వు కోరుకోగలిగిన అత్యంత మంచి బతుకు. అడుగున నేల అంటే అంతకంటే అధ్వానం ఇక ఉండదన్న బతుకు. నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావు? ఇదే ప్రశ్న. నేను తెలుగులో అడగాలి, వాళ్ళ జవాబు ఇంగ్లీషులో చెప్పాలి, ఆమె రాసుకుంటారు.

నాట్ల కాలం. మొదట మడిలో ఉన్న ఒకామెను అడిగాను. ఆమె నడుము ఎత్తకుండానే, "మెట్టేంది మ్మే? మోకాలి లోతు బురదలో ఉండా, కనపళ్ళేదా?" అంది. పక్కవాళ్ళంతా నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, ఏమందని అడిగారు. "ఏడు అంటోంది మేడమ్" అన్నాను.

అలా మొదలైంది. సరుగుడు కట్టెల మోపుతో పోతున్న ఒకాయన బొమ్మను తిప్పి తిప్పి చూసి, "రెండు. రాసుకోమను. రాసుకుంటే ఏమన్నా ఇస్తారా?" అన్నాడు. దాన్నీ ఏడు చేశాను. మేడమ్ బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిందనుకున్నవాళ్ళు ఎంత తక్కువ చెబితే అంత మేలని, "నేల మీదుండాం తల్లీ, ఇంకా మెట్టు కూడా ఎక్కలే" అన్నారు. చుట్టం అనుకున్నవాళ్ళు, ఊరికొచ్చిన మనిషి ముందు ఏడుపెందుకని పది అన్నారు. అందరినీ ఏడుకో ఎనిమిదికో సర్దేశాను. మధ్యాహ్నానికి పదకొండు మంది అయ్యారు. మేడమ్ పుస్తకం చూసుకుంటూ, "మీ స్నేహితురాలు చెప్పింది నిజమే. ఆశ్చర్యంగా ఉంది" అన్నారు. నాకు గర్వంగానే ఉంది, కానీ ఆ పుస్తకం వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి అత్త చేపల పులుసు చేసి ఉంచింది. పీట మీద కూర్చోబోతే మేడమ్‌కు మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. అయినా మా మాదిరిగానే చేత్తో కలుపుకొని, కళ్ళనీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నారు. అత్తకు తెగ నచ్చేసింది. చెయ్యి కడుక్కున్నాక మేడమ్ పుస్తకం తెరిచి, ఈమెను కూడా అడుగు అన్నారు.

అడిగాను. అత్త బొమ్మను శ్రద్ధగా చూసింది. మెట్లు లెక్కపెట్టుకుంది. తొందరపడలేదు.

"మూడు" అంది.

"ఎనిమిది మేడమ్" అన్నాను.

మేడమ్ సంతోషంగా అత్త వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి ఎనిమిది వేళ్ళు చూపించి తల ఊపారు.

అత్త ఆ వేళ్ళను చూసింది. నన్ను చూసింది.

"పాపా, నేను మూడు అంటే దొరసానమ్మ ఎనిమిది చూపిస్తా ఉండాదేంది?"

అత్త తన మూడు వేళ్ళు మేడమ్ ముఖం ముందు పెట్టింది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషి ఒక్క క్షణంలో నా బండారం బయటపెట్టింది.

"పొద్దుట్నించీ ఇదే పనా?" అంది అత్త.

దాచి లాభం లేదు. మేడమ్‌కు ఇంగ్లీషులో, అత్తకు తెలుగులో, రెండు భాషల్లోనూ ఒప్పుకున్నాను. నల్లబల్ల సంగతి, చప్పట్ల సంగతి కూడా అత్తకు చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం కొంగుతో నా ముక్కు తుడిచి వదిలిపెట్టలేదు.

"మనం సుఖంగా ఉండామని రాసిచ్చినావే, రేపు బ్లాకు ఆఫీసోళ్ళు చూసి, వీళ్ళకింక ఏం కొదవలేదులే అనుకుంటే? డాక్టర్ని ఎవురు పంపిస్తారు, మీ నాయనా?"

మేడమ్‌కు కోపం వస్తుందనుకున్నాను. ఆమె పన్నెండు జవాబుల మీదా అడ్డంగా గీత కొట్టి, అత్త దగ్గరికి పీట జరుపుకున్నారు. "ఆమెను అడుగు. తను పొద్దుటి నుంచి నవ్వుతూనే ఉంది కదా, మరి మూడే ఎందుకని?"

ఈసారి ఉన్నదున్నట్టే అడిగాను. అత్త పకపకా నవ్వింది.

"నవ్వితే మూడు కాస్తా ఆరయిపోతాదా? నవ్వేది నా నోరు. ఆ మెట్టు నా బతుకు. నవ్వేదానికి దుడ్లు యెందుకమ్మా? దుడ్లు కావాల్సింది బతికేదానికి." తరువాత పెరటి వైపు చెయ్యి చూపించింది. "పోయినేడు దాకా నేను ఒకటో మెట్టే. మా ఊరి బాయిలో నీళ్ళు ఉప్పు. ఇసకదిబ్బల కాడ చెలమ తవ్వుకొని, గిన్నెతో గిన్నెతో తోడుకొని, రోజుకి రెండుసార్లు బిందె మోసినాను, ఇరవై ఏళ్ళు. పోయినేడు వీధిలో బోరింగు వేసినారు. తియ్యటి నీళ్ళు. ఆ పొద్దు నేను ఒకేసారి రెండు మెట్లు ఎక్కినాను."

"నాలుగో మెట్టుకు ఏం కావాలి?" అని మేడమ్ అడిగించారు.

"మా ఆయన్ని జొరంతో బండిలో గూడూరు తీసకపోతా ఉంటే దోవలోనే పోయినాడు. డాక్టరు ఊరికి దగ్గిర్లో ఉండుంటే బతికుండునేమో. అదీ నాలుగు" అంది అత్త. వెంటనే మేడమ్ భుజం తట్టి, "ఇంగ నువ్వు చెప్పు. మీకు అన్నీ ఉండాయంట గదా, నువ్వు పదో మెట్టేనా?" అని అడిగింది.

అంతవరకూ ఎవరూ ఆమెను అడగలేదు. మేడమ్ తన నిచ్చెనను తనే చాలాసేపు చూసుకుని, ఏడు మీద వేలు పెట్టారు. తమ ఊరు కూడా సముద్రం ఒడ్డేనని, తాత చేపలు పట్టేవాడని చెప్పారు. చలికాలంలో రెండు నెలలు అక్కడ సూర్యుడు కనిపించడట. యుద్ధం రోజుల్లో తిండి లేక, ఉడికించిన చేపల నీళ్ళే తాగి పడుకున్నారట. "అప్పుడు నేను రెండో మెట్టు. తరువాత రోడ్డు వచ్చింది, ఆస్పత్రి వచ్చింది, కరెంటు వచ్చింది. జబ్బు చేస్తే ఏమవుతుందోనన్న భయం పోయింది. అవన్నీ డబ్బుతో వచ్చినవే, కాదనను. గబగబా ఎక్కేశాను. ఏడు దగ్గర ఆగాను. ఆ తరువాత జీతం పెరిగింది, రెండో చలికోటు కొన్నాను. మెట్టు మాత్రం కదలలేదు."

నేను తెలుగులో చెబుతుంటే అత్త చెవి ఒగ్గి వింది. ఆమెకు నచ్చింది చివరి మాట కాదు, మొదటి మాట. "వీళ్ళూ ఒకప్పుడు మన మాదిరే ఉండినోళ్ళా!" అని నన్ను రెండుసార్లు అడిగింది. చేపల నీళ్ళు తాగి పడుకున్న పిల్ల ఇంత పొడుగు ఎదిగిందంటే, మన దేశానికేం పుట్టింది, మనమూ ఎక్కుతాం అని ఆమె లెక్క.

ఆ సాయంత్రం, మర్నాడు మళ్ళీ అందరినీ అడిగాం. ఈసారి అత్త మాతో వచ్చింది. ఎవరు ఏం చెప్పినా వెంటనే అన్ని వేళ్ళు మేడమ్‌కు చూపించేది, నా మీద నమ్మకం లేక. నాట్లు వేసే ఆమె నాలుగు అంది. "దొరసానమ్మ ఏమీ ఇవ్వదురా, నిజం చెప్పు" అని అత్త గదమాయిస్తే, కట్టెలాయన రెండును మూడు చేశాడు. చేపలమ్ముకునే ఒకామె గంప దించకుండానే, "తొమ్మిది! రేత్తిరి నా కూతురికి సుకంగా కానుపయింది, రేపొచ్చి అడిగితే యెంతంటానో తెలీదు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మేడమ్ ఆ తొమ్మిది చుట్టూ సున్నా చుట్టారు.

అందరికంటే మమ్మల్ని ఆశ్చర్యపరిచింది ఊళ్ళోకెల్లా పెద్ద రైతు. నలభై ఎకరాల ఆసామి. మిద్దె ఇల్లు, రేడియో ఉన్నవాడు. ఆయన కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, నిట్టూర్చి, "అయిదు" అన్నాడు.

అత్త ఊరుకుంటుందా? "అన్నా, నీకు అయిదేంది? నలభై ఎకరాలకి అయిదయితే నా మూడు తీసేసుకో, ఎకరాలు నాకియ్యి!"

"నీకేం తెలుసమ్మా. పక్కూళ్ళో మా బావమరిది ట్రాక్టరు కొన్నాడు. అది వచ్చినకాణ్ణించీ నా ఎద్దుల్ని చూస్తే నాకే చీదరగా ఉండాది. నిరుడైతే ఎనిమిది చెప్పుందును."

మేడమ్ రాసుకుంటూ, "మా ఊళ్ళో కూడా ఒకాయన ఇలాగే ఉన్నాడు. పక్కింటివాళ్ళు మోటారు పడవ కొన్నప్పటి నుంచి" అన్నారు. నేను తెలుగులో చెప్పగానే పెద్ద రైతు మొట్టమొదటిసారి నవ్వాడు. ఆ నార్వే ఆయన చివరికి పడవ కొన్నాడా లేదా అని రెండుసార్లు అడిగాడు.

నాలుగో రోజు బయలుదేరాం. అత్త మేడమ్‌కు ఎండు రొయ్యలు ఎత్తుకోలేనంత మూట కట్టి ఇచ్చింది. కోటలో బస్సు కండక్టరు ఆ వాసనకు మొహం పక్కకు తిప్పుకుని, మూట టాపు మీద వెయ్యమన్నాడు. మేడమ్ కుదరదని ఒళ్ళో పెట్టుకున్నారు. కూర్చోవడానికి ఆమెకు మాత్రమే చోటు దొరికింది. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు, రెండు రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగేశాను. "నా మీద కోపం రాలేదా మేడమ్?"

"ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నాకు కడుపు బాగా లేదు" అన్నారు మేడమ్. "అమ్మకు ప్రతి వారం ఉత్తరం రాస్తాను. ఒక్క ఉత్తరంలోనైనా ఆ మాట రాయలేదు. మీ దేశాన్ని ఎవరైనా తక్కువగా అనుకుంటారేమోనని. నీకు నేనేం చెప్పగలను?"

ఇద్దరం నవ్వుకున్నాం. చిల్లకూరు దగ్గర ఎవరో దిగితే నాకూ చోటు దొరికింది.

చదువు అయ్యాక నాకు బోగోలు దగ్గర ఒక పల్లె బడిలో ఉద్యోగం వచ్చింది. ఆ పాఠం చెప్పాల్సిన రోజు నేనూ నల్లబల్ల మీద దేశాల పట్టీ రాశాను. మన పేరు అడుగునే ఉంది. పిల్లల ముఖాలు వాడకముందే నిచ్చెన బొమ్మ గీసి, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళను అడిగి రమ్మన్నాను. ఎవరూ మార్చి చెప్పకూడదు, ఎంతంటే అంతే అని గట్టిగా చెప్పాను.

మర్నాడు బడి మొదలవ్వగానే ఒక పిల్ల తల్లి చంకలో చంటిబిడ్డతో విసవిసా వచ్చింది. "ఏంది టీచరమ్మా, మా ఇంట్లో సుకం ఎంతుండాదో మీకెందుకు? రాత్రంతా ఈ పిల్ల ఏ మెట్టు, ఏ మెట్టని పీక్కు తినింది!"

"కోపమొద్దులే అక్కా, కూర్చో. ఇంతకీ ఎన్నో మెట్టు?" అన్నాను.

ఆమె చంటిబిడ్డను నా ఒళ్ళో పెట్టి, కొంగు బిగించి, పెళ్ళయిన రోజు నుంచి మొదలుపెట్టింది. పిల్లలంతా చుట్టూ చేరి విన్నారు. ఆ పూట రెండో పీరియడ్ జరగలేదు.