పాత జీపు మీద అసిరయ్య గుర్తు

ఉత్తరాది ఉక్కుపట్టణంలోని గోల్‌మురి ప్రాంతంలో పాత జీపు కొనదలచినవారు ముందుగా అసిరయ్యకు ఏ రోజు సెలవో విచారించడం చాలా ఏళ్లుగా వాడుకలో ఉండేది. ఆయన జీపుల వ్యాపారి కారు, డ్రైవరు కూడా కారు. టెల్కో కాలనీ పక్కనున్న లారీల కర్మాగారంలో ఛాసిస్‌లను పరీక్షించే ఉద్యోగి. ఇంజనునూ పైభాగాన్నీ తన మీద మోసే రెండు పొడవాటి ఇనుప దూలాల చట్రమే ఛాసిస్. రోజుకు ఎనిమిది గంటలు చిన్న సుత్తితో ఆ చట్రాన్ని, దాని రివెట్లను కొట్టి, వచ్చే శబ్దాన్ని వినడం ఆయన పని. బాగున్నచోట పసుపు రంగుతో మూడు పొట్టి గీతలు గీసేవారు. ఆ గీతలు పడిన ఛాసిస్‌ను తరువాతి విభాగంవారు మరల పరీక్షించే పద్ధతి లేదు.

టెక్కలి దగ్గరి పల్లె నుంచి ఆయన 1951లో మేనమామ వెంట ఈ ఊరికి వచ్చారు. అప్పటికి వయస్సు పదిహేడేళ్లు. స్వభావరీత్యా మితభాషి. ఆయన భార్య నూకాలమ్మ ఇరుగుపొరుగువారితో అనే మాట ఒకటుండేది: "మా ఆయన ఇనుంతో గంటలు గంటలు మాటాడతాడు. ఇంటికొచ్చినాక కూర బాగుందో నేదో సెప్పడానికి నోరు రాదు."

1982 మే నెలలో లూర్దమ్మ ఆయన క్వార్టరుకు వచ్చారు. ఆమె మిషన్ డిస్పెన్సరీలో నర్సు. వారంలో మూడు రోజులు దల్మా కొండల అవతలి పల్లెలకు వెళ్లేవారు. వానాకాలంలో ఆ దారిలో మామూలు వాహనం నడవదు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో కాన్పు కష్టమైన ఒక స్త్రీని మంచం మీద మోసుకుని వస్తుండగా, వాగు దాటకముందే తల్లీబిడ్డలిద్దరూ చనిపోయారు. అటువంటిది మరల జరగకూడదని డిస్పెన్సరీవారు వానలకు ముందే నాలుగు చక్రాలకూ బలమందే జీపు ఒకటి కొనడానికి అనుమతించారు. ఎంపిక బాధ్యతను లూర్దమ్మకే అప్పగించారు.

"నాకు బండ్ల సంగతి బొత్తిగా తెలియదు, అసిరయ్యగారూ. బారిడీహ్‌లో బలరామ్ అనే కలప కాంట్రాక్టరు దగ్గర ఒకటుందట. మిలిటరీ వేలంలోదట. డీజిల్ ఇంజను మార్పించాడట, స్ప్రింగులు ఎత్తు చేయించాడట."

"మార్పించింది ఎంతుంటే అంత సూడాల, సిస్టరమ్మా. ఆదివారం పొద్దున్న ఆరు గంటలకి వత్తానని సెప్పండి. నేనొచ్చేదాకా ఇంజను తిప్పొద్దనండి."

ఆ షరతుకు కారణం లూర్దమ్మకు ఆదివారం నాడు బోధపడింది. జీపు వద్దకు చేరగానే అసిరయ్య ఇంజను మీద అరచెయ్యి పెట్టారు. వేడిగా ఉంటే, ఎవరో ముందే తిప్పి, చల్లగా ఉన్నప్పుడు మొరాయించే జబ్బును దాచారని అర్థం.

"సల్లగుంది. ఇంతవరకు నిజాయితీయే."

"అరే చాచా, హమ్ చోర్ హైఁ క్యా?" అని, తానేమైనా దొంగనా అన్నట్టు, బలరామ్ నవ్వాడు. అతడి తండ్రిది సోంపేట. అతడు మాత్రం ఇక్కడే పుట్టి పెరిగినవాడు కావడంతో పెద్దలు తెలుగులో అడిగినదానికి సగం హిందీలో జవాబిచ్చేవాడు.

తరువాత అసిరయ్య చేసినవన్నీ లూర్దమ్మ ఎంతో ఆసక్తితో గమనించారు. ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును రిజిస్ట్రేషన్ పుస్తకంతో సరిపోల్చారు. ఇంజను మార్పు పుస్తకంలో నమోదై ఉన్నదా అని చూశారు. గేరుపెట్టె నూనెను వేళ్ల మధ్య నలిపి, ఎండలో పట్టి, ఇనుప రజను మెరుస్తున్నదేమో పరిశీలించారు. సీటు కింద చెయ్యి పెట్టి ఎర్రమట్టి చార తీశారు.

"వాగులో ఇక్కడిదాకా మునిగింది, సూడండి. మునిగినా పరవాలేదు. బేరింగుల్లో నీళ్లు నిలిసిపోయాయో నేదో సూడాల."

పెద్ద టైర్లు తొడిగారు గనుక స్టీరింగును రెండు కొసలకూ తిప్పించి, టైరు ఎక్కడైనా ఒరుసుకుంటున్నదేమో చూశారు. ముందు చక్రాలను జాకీ మీద ఎత్తి, లివరు వేసి, వాటికి నిజంగా బలం అందుతున్నదో లేదో తిప్పి చూశారు.

"లివరు ఉంటే సాలదా?" అని లూర్దమ్మ అడిగారు. రెండు గంటలు ఆయన మాటలు విని ఆమెకూ ఆ యాస కొంత అంటుకుంది.

"లివరు ఉంటాది. కింద షాఫ్టు ఇప్పేసి అమ్మేత్తారు. కొన్నాయన కొండెక్కిన రోజున తెలుత్తాది."

చివరకు ఛాసిస్ వంతు వచ్చింది. సుత్తి పట్టుకుని కిందికి దూరిన అసిరయ్య ఒక్కసారిగా నవ్వుతూ బయటికి వచ్చారు. డ్రైవరు సీటు వెనుక, కుడి దూలం మీద, తుప్పు పట్టకుండా పూసిన తారు పొర అంచున ఆయన మూడు పసుపు గీతలే కనిపించాయి.

"ఇది నా సేతిమీదుగా పోయిన బండే! మూడేళ్ల కిందట ఒక ఫారెస్టాయన కొన్నప్పుడు సూసి, గీతలెట్టినాను. ఎత్తు పెరిగిపోయింది, టైర్లు మారిపోయాయి, గుర్తు పట్టనేకపోయాను. దీని ఇనుం మంచిది. తీసుకోండి, సిస్టరమ్మా."

ఆయన మరల కిందికి దూరలేదు. గీతలున్న చట్రాన్ని రెండవసారి కొట్టే అలవాటు ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆయనకు లేదు. యాజమాన్య బదిలీ దరఖాస్తును లూర్దమ్మ అప్పటికే డిస్పెన్సరీ గుమస్తానైన నా చేత శుభ్రప్రతి రాయించి ఉంచారు. బలరామ్ సంతకం చేయడమే తరువాయి.

ఒక్క పరీక్ష మాత్రం లూర్దమ్మది మిగిలి ఉంది. ఆమె డిస్పెన్సరీ నుంచి ఆరడుగుల స్ట్రెచరు తెచ్చుకున్నారు. దానిని వెనుక భాగంలోకి తోయగా పూర్తిగా పట్టి, తలుపు కూడా మూసుకుంది.

"పట్టేసింది, అసిరయ్యగారూ! జానెడు చోటు కూడా మిగిలింది!"

అసిరయ్య ముఖంలో నవ్వు పోయింది.

"పట్టిందా? ఎలా పట్టిందమ్మా? ఫారెస్టాయన మంచం పట్టక, సగం బయటే పెట్టి తాడుతో కట్టుకున్నాడు. నా కళ్లారా సూసినాను."

ఆయన సుత్తితో బాటు ఉలిని కూడా తీసుకుని కిందికి దూరారు. గీతలకు రెండు మూరల వెనుక తారు గీకగా, దూలాన్ని అడ్డంగా కోసి, మధ్యలో కొత్త ముక్క పెట్టి అతికిన వెల్డింగు బయటపడింది. లోపల అతుకుకు బలమిచ్చే ఆనింపు పట్టీ లేదు, రివెట్లు లేవు. అక్కడ సుత్తి వేయగానే పలుకు తెగిపోయింది.

"ఇదేటిరా, బలరామ్?"

"కూలీలను ఎక్కించడానికి లంబా, అదే పొడుగు, చేయించాను, చాచా. సడక్ పక్క షాపులోనే చేశాడు. అడిగితే చెప్పేవాణ్ణి. నువ్వు అడగనే లేదు! పైగా నీ నిశానే ఉంది కదా అక్కడ!"

"ఉంది. ఉందనే కదా అడగనేదు."

ఆయన వెంటనే ఉలితో ఆ మూడు గీతలనూ గీకివేశారు. పెయింటు పొలుసులు ఆయన కళ్లలో పడ్డాయి. బయటికి వచ్చి, కళ్లు నులుముకుంటూనే లూర్దమ్మ ఎదుట నిలబడి చెప్పారు:

"తప్పు సెప్పినాను, సిస్టరమ్మా. ఎనకాల షాఫ్టు పొడుగు కూడా సూడనేదు. రాళ్లదారిలో నలుగురిని ఎక్కించుకుని ఎల్తే ఇది మద్దెలో ఇరుగుతాది. తీసుకోవొద్దు."

"వానలకు మూడు వారాలే ఉంది. నేనిప్పుడు ఏం చేయాలి?"

 మరుసటి రోజు అసిరయ్య కర్మాగారంలో పది రోజుల సెలవు పెట్టారు. సెలవు పెట్టడం ఆయనకు ఆ ఏడాది అదే మొదటిసారి. లూర్దమ్మను సైకిలు రిక్షాలో ఎక్కించి, తాను సైకిలు మీద ముందు సాగుతూ, చుట్టుపక్కల అమ్మకానికి ఉన్న నాలుగు జీపులను చూపించారు. ఈసారి ఆయన ఒక్క నిర్ణయం కూడా స్వయంగా చెప్పలేదు. సుత్తిని ఆమె చేతికిచ్చి, కింద గోనెసంచి పరిచేవారు.

"కొట్టండి. ఏటి ఇనబడింది?"

"అన్నీ ఒకేలా ఉన్నాయండీ."

"మళ్లీ కొట్టండి. తొందర నేదు."

మూడవ జీపు కింద ఆమె చాలాసేపు ఉన్నారు. చీర కుచ్చెళ్లన్నీ గ్రీజయ్యాయి. "ఇక్కడ గొంతు మారింది," అన్నారు చివరకు. అసిరయ్య తాను కూడా దూరి, విని, ఔనన్నారు. ఆ బండిని వదిలేశారు. నాలుగవది పొట్టిది, రంగు వెలిసినది, సీట్లు చిరిగినది. అందులో ఏ మార్పూ లేదు, ఒక్క స్ప్రింగులు తప్ప. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రెండుసార్లు మొరాయించి, మూడవసారికి అందుకుంది. స్ట్రెచరు కొంత బయటికి వచ్చినా, చట్రమంతా కొట్టి చూసిన తరువాత లూర్దమ్మ దానినే కొన్నారు.

జూన్ చివరి వారంలో ఆ జీపు తొలిసారి కొండదారి పట్టింది. డిస్పెన్సరీ డ్రైవరుతో, లూర్దమ్మతో బాటు అసిరయ్య కూడా వెళ్లారు. తిరుగు ప్రయాణంలో నెలలు నిండిన ఒక స్త్రీని, ఆమె తల్లిని ఎక్కించుకున్నారు. అసిరయ్య వెనుక నేల మీద చతికిలబడి, ప్రతి గుంటకూ వంగి, రేకు మీద చెవి ఆనించి వింటూ వచ్చారు. గర్భిణి తల్లి ఆయనను కొంతసేపు జాలిగా చూసింది. ఈయన కూడా ఆసుపత్రికే పోతున్న రోగి కాబోలునని తలచి, తన భుజం మీది దుప్పటిని మడతపెట్టి ఆయన తల కింద ఉంచింది. ఆమె భాష ఆయనకు రాదు. కాదని చెప్పడం తెలియక, ఆ మడత మీదనే తల వాల్చి, వాగు దాటేవరకు అలాగే ఉన్నారు.