పిల్లలను ఎత్తుకొని చూసే ఆమె

కరీంనగర్ ఆసుపత్రిలో స్కానింగ్ తీసే ఆమె, లోపలికి వచ్చిన ప్రతి పిల్లనూ ఒకసారి ఎత్తుకొని దించేది. ముద్దు కోసం అనుకున్నాను.

ఆ రోజు మా మనుమరాలు మెట్ల మీద నుంచి పడి, ఆగకుండా వాంతులు చేసుకుంటోంది. డాక్టర్లు తలకు స్కానింగ్ రాశారు.

"ఎన్నేండ్లు అవ్వా?" అని స్కానింగ్ ఆమె అడిగింది.

"ఆరు," అన్నాను. బడిలో తొందరగా చేర్చాలని ఆధార్‌లో రెండేళ్లు ఎక్కువ రాయించాం. కార్డుకు తేడా వస్తే ఉచిత వైద్యం ఆగిపోతుందని నా భయం.

ఆమె పిల్లను ఎత్తుకుంది. "ఆరేండ్ల బరువు లేదు గదా! వయసును బట్టే మిషన్ల కిరణాలు పెడ్తం. నువ్వు ఎక్కువ చెప్తే పిల్లకు ఎక్కువ తాకుతయి. కార్డు ఫికర్ జెయ్యకు, నిజం చెప్పు."

"నాలుగే బిడ్డా."

ఆమె మిషన్‌లో వయసు మార్చింది. స్కానింగ్ అయ్యాక తెర మీది అంకెను, ఏ వయసుకు ఎంత కిరణమో చెప్పే గోడ మీది పట్టికతో పోల్చింది. "నాలుగేండ్లకు రాసినదానికన్న తక్కువనే ఉన్నది," అని ఆ వివరాలు ఒక చీటీ మీద రాసిచ్చింది.

పిల్ల బాగైంది. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక, ఇంట్లోని కాగితాలన్నీ తీసి చదివాను. మా పిల్ల అసలు వయసు ఆ ఒక్క చీటీ మీదే ఉంది.