పెళ్లివారు తిన్న బస్సు

ఆ రోజుల్లో కొత్త వస్తువు ఏదైనా ఊళ్లోకి వస్తే, అది మనకేం తెచ్చిందని చూసేవాళ్లమే తప్ప, అదేం తింటుందని అడిగేవాళ్లం కాదు. ఇప్పుడు మాత్రం అడుగుతున్నామా అంటే చెప్పలేను. మా అక్క పోయి ఈ నెలకు ఏడాది. ఆమె గురించి ఏదైనా రాయమని పిల్లలు అడిగారు. ఏడిపించే సంగతులు రాయడం నాకు చేతకాదు కాబట్టి ఆమె పెళ్లి బస్సు సంగతి రాస్తున్నాను. (నలభైల చివర్లో మా సూర్యాపేట వైపు జరిగిన పెద్ద సంగతులు పుస్తకాల్లో ఉన్నాయి. ఇది వాటిలో లేదు.)

మా ఊరు పెన్‌పహాడ్ దగ్గర. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా పెట్రోలు సరిగా దొరికేది కాదు, అందుకని మా వైపు బస్సులు ఇంకా బొగ్గుతోనే నడిచేవి. బస్సు వెనక నిలువెత్తు ఇనుప పొయ్యి ఉండేది. అందులో బొగ్గు పోసి, నిప్పు పెట్టి, క్లీనరు చేతులు పడిపోయేదాకా పంకా తిప్పితే ఆ పొగతో ఇంజను కదిలేది. ఎత్తు వస్తే అందరం దిగి నెట్టాలి. అయినా బస్సు బస్సే. అంతకుముందు బట్టలకో ఉప్పుకో ఎప్పుడైనా సూర్యాపేటకు నడిచి వెళ్లొచ్చేవాళ్లు, బస్సు వచ్చాక ఒక్క చాయ్ కోసం కూడా వెళ్లసాగారు. వెళ్లినవాళ్లు వాసన సబ్బో గాజు గ్లాసో కొనకుండా తిరిగొచ్చేవారు కాదు. బస్సులు పెరిగేకొద్దీ బొగ్గుకు గిరాకీ పెరిగింది. ఒక గుత్తేదారు మా వాగు ఒడ్డున కట్టెలు కాల్చి బొగ్గు చేసే బట్టీలు పెట్టాడు. తుమ్మ చెట్టున్న ప్రతివాడూ అతనికి అమ్మాడు. మేకలకు తుమ్మకాయలు పోయాయి, మేకలు కాసేవాళ్లకు నీడ పోయింది, నాగలి విరిగితే కర్ర కోసం పక్క ఊరికి పోవాల్సి వచ్చింది. అన్నీ ఒకేసారి పోలేదు కాబట్టి పోయినట్టు ఎవరికీ అనిపించలేదు.

అప్పుడు నేను మెట్రిక్ తప్పి ఇంట్లో ఉన్నాను. పరీక్ష తప్పినవాడికి లోకం గురించి అభిప్రాయాలు ఎక్కువగా ఉంటాయి. అక్కకు మిర్యాలగూడ సంబంధం కుదరగానే, మగపెళ్లివారిని బస్సులో తీసుకురాకపోతే మన పరువేం కానని నాయన వెంట పడ్డాను. బండ్లున్నాయి కదరా అన్నాడాయన. బండి మీద పెళ్లికొడుకు వచ్చే కాలం పోయిందని, ఆ కాలాన్ని నేనే సాగనంపినట్టు చెప్పాను. చివరికి నాయన మా తుమ్మలు కూడా గుత్తేదారుకిచ్చి, ఆ డబ్బుతో కోదాడ నుంచి బస్సు కిరాయికి మాట్లాడాడు. అందరికంటే ఎక్కువ సంబరపడింది అక్క. ఆమె అప్పటిదాకా బస్సెక్కలేదు. అప్పగింతలయ్యాక కిటికీ పక్క జాగా తనకే ఉంచాలని నా చేత ఒట్టు పెట్టించుకుంది.

మా ఊళ్లో పెళ్లింటికి కట్టెలు కొనే అలవాటు లేదు. ఇంటికొక మోపు తెచ్చి వాకిట్లో వేసిపోయేవాళ్లు. అక్క పెళ్లికీ తెచ్చారు, కానీ తెచ్చినవన్నీ కందికట్టె, పత్తికట్టె, పిడకలు. చెట్లమ్ముకున్న ఇళ్లలో అవే మిగిలాయి. దానికితోడు పెళ్లి ముందురోజు గాలివాన కొట్టి అన్నీ తడిసి ముద్దయ్యాయి.

మరునాడు పొద్దున పొగ వదులుతూ బస్సు వచ్చింది, ఊరంతా చూసింది, నా ఛాతీ పొంగింది. లగ్గం సమయానికే అయింది. అన్నం మాత్రం కాలేదు. తడికట్టె కింద పొగే తప్ప మంట లేదు. గుండిగల్లో బియ్యం నాని పలుకు మీదే నిలిచిపోయింది. బట్టీ దగ్గరికి పరుగెత్తితే, కాలిన బొగ్గు సూర్యాపేటకు పోయిందని, మా తుమ్మలున్న బట్టీ ఇంకా మట్టి కింద కాలుతోందని, ఇప్పుడు తెరిస్తే బూడిదే మిగులుతుందని కావలివాడు చెప్పాడు. తిరిగొచ్చేసరికి వంటాయన కళ్లు తుడుచుకుంటూ బస్సు కప్పు వైపు చూస్తున్నాడు. దాని మీద తిరుగు ప్రయాణానికి పెట్టుకున్న బొగ్గు బస్తాలున్నాయి.

"అది బస్సు తిండండీ," అన్నాడు కోదాడ డ్రైవరు. "మీరు తింటే అది కదలదు."

బావ మేనమామ ఒకాయన ఉన్నాడు. పెళ్లిమొత్తానికి చేతి గడియారం ఆయనకొక్కడికే ఉండటంతో ఆయన్ని వాచీ మామ అనేవాళ్లం. పొద్దుగూకే లోపల కోడలు మిర్యాలగూడలో గడప దాటాలని, ఆ ఘడియ తప్పితే జిమ్మేదారి ఎవరిదని ఆయన అడిగాడు. అక్క అత్తగారు పందిట్లో పీట మీద కూర్చుని, "బువ్వ లేకుంటె మేం లేవం. బస్సు లేకుంటె గూడ లేవం," అన్నది. అన్నమో బస్సో, నాయన ఏది ఎంచుకున్నా అక్క జన్మంతా అత్తింట్లో పడాల్సిన మాటే. బస్సు తెప్పించిన పెద్దమనిషిని నేను కాబట్టి అందరూ నా వైపు చూశారు. నేను వాగు వైపు చూశాను.

లోపలి నుంచి అక్క నన్ను పిలిపించింది. బాసికంతో అలాగే కూర్చుని ఉంది.

"బొగ్గులు దింపియ్యి," అన్నది.

"మరి బస్సు?"

"ఆకలితోని పోయినోళ్లు యాది పెట్టుకుంటర్రా. బండ్ల పోయినోళ్లు నడుం నొప్పి తగ్గంగనె మర్సిపోతరు. ఇగ నిలబడకు, పో."

కిటికీ సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బస్తాలు దిగాయి. పందిరి వెనక గుంటల్లో బొగ్గు రాజేసి, చేతికి దొరికిన చేటలతో విసరడం మొదలుపెట్టాం. ఆకలి మీదున్న మగపెళ్లివారు కూడా వచ్చి కలిశారు. వాచీ మామ వాచీ తీసి జేబులో పెట్టుకుని మరీ విసిరాడు. పంక్తులు లేచేసరికి పొద్దు వాలిపోయింది. కడుపు నిండాక పంతులుకు మర్నాడు ఇంకో మంచి ఘడియ కనిపించింది. ఇక బండ్లు కట్టారు. అవి ఇన్నాళ్లూ బొగ్గు తోలిన బండ్లే. గడ్డి పరిచి, జంపఖానా వేసినా నలుపు పైకి వచ్చింది. తెల్ల బట్టలతో ఎక్కిన బావ మిర్యాలగూడలో బొగ్గు వ్యాపారిలా దిగాడని తర్వాత విన్నాం. అత్తగారు మాత్రం సంబరంగానే చెప్పుకునేదట, "మా వియ్యాలోళ్లు బస్సునే వండిపెట్టిన్రు," అని.

బస్సు మా వాకిట్లోనే ఉండిపోయింది. డ్రైవరూ క్లీనరూ మా చుట్టాలైపోయారు. బట్టీ ఆరి తెరిచాక మా తుమ్మల బొగ్గే దానికి పోశారు. నేను ముందు సీటెక్కి సూర్యాపేట దాకా వెళ్లాను. బస్సు మొత్తంలో ప్రయాణికుణ్ణి నేనొక్కణ్ణే. దారికి రెండు పక్కలా నరికిన మొదళ్లు తప్ప చెట్టు లేదు. ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. "పోయినేడు ఇక్కడంతా నీడేనండీ," అన్నాడు డ్రైవరు. నేను వినిపించుకోలేదు. సూర్యాపేటలో దిగేముందు క్రాపు సరిచేసుకుని, తెలిసినవాళ్లెవరైనా చూస్తున్నారేమోనని నాలుగు పక్కలా చూశాను. ఎవరూ లేరు. కాసేపు బస్సు పక్కనే నిలబడ్డాను కూడా.

ఆషాఢానికి అక్క పుట్టింటికి వచ్చింది. బస్సు ఎట్లుంటదని అడిగింది. ఆమె బాధపడుతుందని, "ఏముంటది అక్కా, మన బండి లెక్కనే," అన్నాను.

ఆమె నా మొహం చూసి నవ్వింది. "గట్లయితె గంత ఇష్టంగ ఎందుకు చెప్తున్నవ్?"

తర్వాత ఆమె ఎన్నో బస్సులెక్కింది. కిటికీ పక్కన కూర్చోగానే నిద్రపోయేది. ఆ మొదటి ప్రయాణం మాత్రం ఆమె బదులు ఒక మెట్రిక్ తప్పిన కుర్రవాడు చేశాడు, చెమటలు కక్కుతూ, వెన్ను నిటారుగా పెట్టుకుని.