ఇరవై మిల్లీమీటర్ల కొసరు

టైర్ల కొట్టులో ఇరవై మిల్లీమీటర్ల రబ్బరు ఊరికే సంపాదించిన మనిషి విజయనగరం మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. నా కారు తలుపు పక్కన అంటించిన కాగితం మీద 185/65 R15 అని ఉంది. నేను అదే ధరకు 205/65 R15 వేయించుకుని వచ్చాను. టైరుకు ఇరవై చొప్పున నాలుగింటికి ఎనభై మిల్లీమీటర్ల వెడల్పు లాభం. ఇంటికి వచ్చేదాకా ఈల వేస్తూనే ఉన్నాను.

మాది శృంగవరపుకోటలో కిరాణా కొట్టు కుటుంబం. మా నాన్న నేర్పిన బేరం ఒక్కటే: ధర దిగకపోతే కొలత పెంచమని అడగాలి. పప్పు మీద గుప్పెడు, నూనె మీద గరిటెడు, గుడ్డ మీద బెత్తెడు. కొసరు లేకుండా ఇంటికొస్తే ఓడిపోయి వచ్చినట్టే. చిన్నప్పుడు మా అందరి చెప్పులూ ఒక సైజు పెద్దవే, ధర ఎలాగూ ఒకటే కాబట్టి. నేను ఇప్పటికీ కాళ్ళీడ్చుకుంటూ నడుస్తానని అప్ప వెక్కిరిస్తుంది.

అప్ప అంటే మా పెద్దక్క. కారు కొన్నది ఆవిడ కోసమే. కిడ్నీలు పనిచేయడం మానేశాక వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు విజయనగరం తీసుకెళ్ళాలి. బావ కొట్టు వదిలి రాలేడు. లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లు ఇస్తుందని, బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ కారు ఒకటి పాతది చూసి కొన్నాను.

అప్ప ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. డయాలసిస్ సూదులు అక్కడే గుచ్చుతారు. దాని మీద వేలు పెడితే లోపల గురగురమంటుంది. ఆవిడ దాన్ని పిల్లి అనేది. ఆ గురగుర ఆగితే ఆ చేయి ఇక పనికిరాదు. రెండో చేతికి మళ్ళీ ఆపరేషన్, అది కుదురుకునేదాకా మెడలో గొట్టం. అందుకే ఆ చేతికి గాజు లేదు, బరువు లేదు, దెబ్బ అసలే తగలకూడదు. రోజుకు నాలుగుసార్లు వేలుపెట్టి చూసుకునేది.

టైర్లు అరిగి నున్నగా అయినప్పుడు విజయనగరంలో ఆ కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన టైరు ఒక్కింటికి అయిదు వేల అయిదు వందలన్నాడు. గంటసేపు లాగినా పైసా దిగలేదు.

"సరే, రేటు తగ్గించకు. అదే రేటుకి ఆ మూల ఉన్న పెద్దవి ఇయ్యి," అన్నాను.

"అవి మీ బండికి కావు బావూ. కాయితం మీద ఏ నెంబరున్నాదో అదే ఎయ్యాల. మైలేజీ పడిపోతాది, ఆనక నన్నడక్కండి."

వద్దన్న సరుకే మంచి సరుకని మా వీధి నమ్మకం. బియ్యం ధర పెరిగేముందు మా నాన్న కూడా కొనడానికొచ్చినవాళ్ళని అలాగే వద్దనేవాడు. నేను పట్టు వదల్లేదు. ఆయన చివరికి నవ్వి ఇచ్చేశాడు. కొట్టువాడు నవ్వుతూ ఇచ్చేది ఏళ్ళ తరబడి మూలన పడున్న సరుకేనని, కొట్టులో పుట్టిన నాకు ఆ రోజు గుర్తు రాలేదు.

ఆ నెంబర్లలో మొదటిది వెడల్పు. రెండోది ఎత్తు, అదీ వెడల్పులో నూటికి ఇంత అని. అంటే వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది, చక్రం పెద్దదవుతుంది, తిరిగే చుట్లు తగ్గి మీటరు అసలు కంటే తక్కువ దూరం చూపిస్తుంది. నాకు ఇది తెలియదు. ముప్పై రెండు కిలోమీటర్లు చూపించే దారి మీటరు మీద ముప్పై ఒకటికి దిగినప్పుడు, నా టైర్లు విజయనగరాన్ని దగ్గర చేశాయని సంతోషించాను. లీటరుకు పంతొమ్మిదే వస్తుంటే పెట్రోలు బంకువాణ్ణి తిట్టాను. మలుపుల్లో టైరు లోపల మడ్‌గార్డుకు రాసుకునేది.

"ఏటిరా ఆ సప్పుడు?" అనేది అప్ప వెనక సీట్లోంచి.

"కొత్త టైరు కదప్పా, సర్దుకుంటాది."

"నీ సెప్పులు సర్దుకున్నాయేటి?"

రెండో నెల చివర్లో ఒకరోజు తెల్లవారుజాము నుంచి వాన. విజయనగరం ఇంకా పది కిలోమీటర్లుందనగా రోడ్డు మీద నీళ్ళు నిలిచిన చోట కారు నా చేతిలోంచి పోయింది. స్టీరింగు తేలికైపోయింది. బండి పక్కకు జారి, అడ్డంగా తిరిగి, మట్టిలోకి దిగి ఆగింది. ఎవరినీ తగల్లేదు. అప్ప ఎడమ చేయి తలుపుకు కొట్టుకుంది.

వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ కుడిచేతి వేళ్ళు ఎడమ చేతి మీద ఉన్నాయి.

"ఉన్నాదా?" అన్నాను.

"ఉన్నాది. నువ్వు రోడ్డు సూడు."

ఆ పది కిలోమీటర్లూ ఆ వేళ్ళు అక్కణ్ణించి కదల్లేదు. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను.

డయాలసిస్ ఆ రోజు జరిగింది. మూడో రోజు పొద్దున్న ఆవిడే ఫోన్ చేసింది. "ఒరే, పిల్లి పలకట్లేదు," అంది. కూరలో ఉప్పు సరిపోలేదన్నంత మామూలుగా చెప్పింది.

డాక్టరుకు వాన సంగతి, దెబ్బ సంగతి, టైర్ల సంగతి కూడా చెప్పాను. ఆయన స్కాన్ చూసి, నాళం లోపల ముందునుంచే సన్నబడుతూ ఉండి ఉండవచ్చనీ, దెబ్బ వల్లేనని తేల్చి చెప్పలేననీ అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడో, నిజమే అన్నాడో తెలియదు. అప్ప మెడలో గొట్టం వేశారు. కుడిచేతికి ఆపరేషన్ చేశారు.

మరునాడు టైర్ల కొట్టుకు వెళ్ళి 185లు నాలుగు అడిగాను. జరిగింది చెప్పాను.

"సన్న టైరు నీళ్ళని సీల్సుకుని పోతాది బావూ. ఎడల్పుది నీళ్ళెక్కి కూకుంటాది," అన్నాడు కొట్టాయన. మళ్ళీ తనే, "ఇయ్యకుండా ఉండాల్సింది," అన్నాడు. పాత రేటే చెప్పాడు. ఇచ్చేశాను. ఆయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు, నోట్ల మీద అనుమానంతో కాదు, బేరమాడని నన్ను చూసి.

ఆ సాయంత్రం అప్ప మంచం పక్కన కూర్చున్నాను.

"మార్సీసేవా? ఎంతకిచ్చేడు?"

"అడిగినంతా ఇచ్చేసేను."

మెడ తిప్పలేక కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. "ఒంట్లో బాలేదేటిరా నీకు?" అంది.

ఆవిడే నా చేయి తీసుకుని, కుడిచేతి కట్టు మీద మెల్లగా ఆనించింది. కట్టు మీంచి గురగుర ఇంకా తెలియడం లేదు. గుడ్డ వెచ్చగా ఉంది.

ఇంటికొచ్చి రాసిన లెక్క ఇది. పెద్ద టైర్లు నాలుగు, ఇరవై రెండు వేలు. తిరిగి తీసుకున్నందుకు కొట్టాయన ఇచ్చింది పన్నెండు. అక్కడ నష్టం పది వేలు. రెండుసార్లు చక్రాలు సరిచేయించినందుకు పదహారు వందలు. రెండు నెలల్లో ఎక్కువ తాగిన పెట్రోలు సుమారు ఎనిమిది వందల యాభై. స్కాను, గొట్టం, ఆపరేషన్‌లో మా చేతినుంచి పడింది ముప్పై ఎనిమిది వేలు. మెడలో గొట్టం తడవకూడదు కనుక అప్ప తలస్నానం లేకుండా గడపాల్సిన వారాలు ఆరు, వాటికి ధర వేయడం నాకు రాలేదు. మొత్తం యాభై వేల నాలుగు వందల యాభై. డాక్టరు మాట ప్రకారం అందులో ముప్పై ఎనిమిది వేలు నా టైర్ల వల్ల కావచ్చు, కాకపోవచ్చు. నా వల్లే అని రాసుకున్నాను.